పిన్ని చేతిలో ఫోను, ఎండీ గారి గదిలో ప్రొజెక్టరు

ప్రశ్న:

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆవిడ వయసు 34. పదకొండేళ్ల పాటు విజయవాడలో డీటీపీ పని చేశారు. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు ఆవిడకు కొట్టినపిండి. పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు వందల కొద్దీ చేశారు. కరోనా కాలంలో ప్రెస్సులో పని పడిపోయినప్పుడు, 2021లో, గాజులు తాకట్టు పెట్టి అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో యూఐ డిజైన్ (యాప్ తెరలు గీసే పని) కోర్సుకు ఫీజు కట్టారు. అక్కడ నేర్పిందంతా అడోబీ ఎక్స్‌డీ మీదే. అది చేతికి అలవాటు పడేలోగా ఆ సాఫ్ట్‌వేర్‌ను అడోబీయే పక్కన పెట్టేసింది.

ప్రస్తుతం ఆరుగురు పనిచేసే ఒక చిన్న కంపెనీలో ఆవిడ ఒక్కరే డిజైనరు. పాల కేంద్రాల్లో పాలు పోసే రైతుల కోసం ఆ కంపెనీ ఒక యాప్ తయారు చేస్తోంది. పూట పూటకూ పోసిన పాలు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం), పది రోజుల బిల్లు ఫోన్‌లో కనిపించాలి. ఆరు వారాల్లో పాల సంఘం డైరెక్టర్లకు నమూనా చూపించాలి, ఆ వెంటనే పల్లెల్లో రైతుల చేత వాడించి చూడాలి. ఏ టూల్‌లో చెయ్యాలన్నది ఆవిడనే తేల్చమన్నారు కానీ, ఎవరి మాట వారు చెబుతూనే ఉన్నారు. ఎండీ గారు ఏదో వీడియో చూసి, నమూనాకు కదలిక తెచ్చే ప్రొటోపై అనే టూలు కావాలంటున్నారు. ప్రోగ్రామరు కుర్రాడు, ‘‘బొమ్మలెందుకు అక్కా, ఫ్లట్టర్‌లో నేరుగా యాప్ కోడే రాసేస్తాను’’ అంటున్నాడు. అమెరికాలో ఉన్న బాబాయి కొడుకు, తెరలు గీసి కలిపే ఫిగ్మా తప్ప మరో పేరు ఎత్తనివ్వడు. స్నేహితురాలు స్కెచ్, ఒరిగామి స్టూడియో బాగుంటాయంది గానీ, అవి మ్యాక్ మీదే నడుస్తాయి, ఈవిడ దగ్గర ఉన్నది 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్.

చివరికి ఫిగ్మాలో ఒక నమూనా కట్టి, ఆగిరిపల్లి దగ్గరి పల్లెలో ఉండే పిన్నిగారి చేతికిచ్చారు. ఆవిడ రెండు గేదెల పాలు కేంద్రంలో పోస్తారు. ‘‘మీ ఫోన్ నంబరు’’ అన్న గడి మీద ఆవిడ వేలు పెట్టగానే, ముందే పెట్టిన ఏదో నంబరు తనంతట తానే నిండిపోయింది. ‘‘ఇదెవరి నంబరే? నాది కాదుగా’’ అని పిన్నిగారు ఫోను తిరిగి ఇచ్చేశారు, మళ్లీ ముట్టుకోలేదు. ఆఫీసులో ఈ సంగతి చెబితే ఎండీ గారు ‘‘అందుకే ప్రొటోపై అన్నాను’’ అన్నారు, ప్రోగ్రామరు నవ్వాడు. ఇంట్లో భర్త, ‘‘ఇంకెన్నిసార్లు కొత్తది నేర్చుకుంటావు?’’ అన్నారు. ‘‘మళ్లీ మూతపడబోయే కొట్టులోనే సరుకు కొంటానేమో అని భయంగా ఉంది. ఏ టూల్ తీసుకోవాలో ఒక్క మాటలో చెప్పండి’’ అని ఆవిడ ఉత్తరం ముగించారు.

సమాధానం:

ఒక్క మాటలో చెప్పమన్నారు. చెప్పగలను, కానీ ఆ ఒక్క మాట పట్టుకుని మీరు ఎండీ గారి ముందు నిలబడితే ఆయన అడిగే రెండో ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. అందువల్ల కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఈ నమూనా చేత మీరు ఏమి చెప్పించాలనుకుంటున్నారో, అది ఎవరి చేతిలోకి వెళ్లబోతోందో తేలితే టూలు దాదాపు దానంతట అదే తేలిపోతుంది. మీ ఉత్తరంలో అన్ని టూళ్ల పేర్లు ఉన్నాయి గానీ, ఆ నమూనాతో తెలుసుకోవలసింది ఏమిటన్నది ఒక్క వాక్యంలో కూడా లేదు.

ముందుగా ఎక్స్‌డీ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగిలిన భయమంతా అక్కడి నుంచే పుట్టింది. మీరు 2021లో దాన్ని నేర్చుకోవడం తెలివితక్కువ పని కాదు. అడోబీ దాన్ని 2016లో ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. 2021 నాటికి అది పెద్ద కంపెనీ అండ ఉన్న, చాలామంది వాడుతున్న టూలు. 2022 సెప్టెంబరులో ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు అడోబీ ప్రకటించింది. ఆ తర్వాత 2023లో ఎక్స్‌డీని విడిగా అమ్మడం ఆపేసి, కొత్త సదుపాయాలు చేర్చడం మానేసింది. ఐరోపా, బ్రిటన్ నియంత్రణ సంస్థల అభ్యంతరాల వల్ల ఆ కొనుగోలు 2023 డిసెంబరులో రద్దయినా, ఎక్స్‌డీకి మాత్రం ప్రాణం తిరిగి రాలేదు. ఈ వ్యవహారాన్ని అమీర్‌పేటలో ఫీజు కట్టిన మీరే కాదు, ఆ రంగంలో తలపండిన వారు కూడా ముందుగా ఊహించలేదు. ప్రొటోటైపింగ్ (నమూనాలు కట్టడం) అనగానే ఒకప్పుడు మొదట వినిపించిన ఇన్‌విజన్ కూడా 2024 చివరితో డిజైన్ సేవలు మూసేసింది. ఫ్రేమర్ మొదట నమూనాలు కట్టే టూలుగా వచ్చి, ఇప్పుడు ప్రధానంగా వెబ్‌సైట్లు కట్టే సాధనంగా మారిపోయింది.

డీటీపీ చేసిన మీకు ఇది కొత్త కథ కాదు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత మరో పెద్ద వెర్షను రాలేదు. అయినా ఆ చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్ మీదే మన ఊళ్లలో ఎన్ని వేల పెళ్లికార్డులు అచ్చయ్యాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ మధ్యకాలంలో మీరు నేర్చుకున్నది పేజ్‌మేకర్ మెనూలు మాత్రమే కాదు. ఎక్కడ ఖాళీ వదలాలో, ఏ అక్షరం ఏ సైజులో ముసలివాళ్లకు ఆనుతుందో, పెళ్లికొడుకు పేరు పక్కన డిగ్రీ పెట్టకపోతే ఎవరు అలుగుతారో నేర్చుకున్నారు. ఎక్స్‌డీ దగ్గర నేర్చుకున్న దానిలోనూ అలాంటి వాటా చాలానే ఉంది. ఒక బటన్‌ను కాంపొనెంట్‌గా చేసి వంద చోట్ల వాడడం, తెరకూ తెరకూ తీగ లాగి కలపడం ఫిగ్మాలో దాదాపు అలాగే ఉంటాయి. అక్కడి ఆటో యానిమేట్ ఇక్కడ స్మార్ట్ యానిమేట్ అవుతుంది. ఒకే వరసను పదే పదే పరిచే రిపీట్ గ్రిడ్ అలవాటు మాత్రం మానుకోవాలి, దాని బదులు ఆటో లేఅవుట్ నేర్చుకోవడానికి ఒక వారం పడుతుంది. గాజుల డబ్బు పూర్తిగా పోలేదని చెప్పడానికే ఇదంతా చెప్పాను, మిమ్మల్ని ఓదార్చడానికి కాదు.

ఇక పిన్నిగారి దగ్గర జరిగింది. మీ ఉత్తరమంతటిలో నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ నాలుగు వాక్యాలే.

నేను వాడినంతలో ఫిగ్మా నమూనాలో గడి మీద నొక్కితే నిజమైన కీబోర్డు రాదు. గీసిపెట్టిన కీబోర్డు బొమ్మ వస్తుంది, లేదా ముందే నింపిన తెర వస్తుంది. ప్రొటోపైలోనైతే నిజంగానే టైప్ చేయించవచ్చు, టైప్ చేసిన పేరును తరువాతి తెర మీద చూపించవచ్చు. కాబట్టి మీ ఎండీ గారు అన్నది సాంకేతికంగా సరైన మాటే. కానీ ఒక్క క్షణం ఆగండి. పల్లెలో మీ పిన్నిగారు ఫోన్ నంబరు కొట్టగలరా లేదా అన్నది మీరు తెలుసుకోవలసిన విషయమా? రోజూ నంబరు నొక్కి కూతురికి ఫోను చేసే ఆవిడకు అది వచ్చో రాదో మీకు ముందే తెలుసు. మీకు తెలియనిది వేరు: వెన్న శాతం 6.4 నుంచి 6.1కి తగ్గినప్పుడు రేటు ఎందుకు తగ్గిందో ఆ తెర చూసి ఆవిడకు అర్థమవుతుందా? పది రోజుల బిల్లులో దాణా బాకీ కోత పడితే అది ఏ వరసలో ఉందో వెతుక్కోగలరా? పొద్దుటి పాలు, సాయంత్రం పాలు వేరు వేరుగా చూడాలనుకుంటారా, కలిపి చూడాలనుకుంటారా? వీటిలో దేనికీ టైపింగ్ అవసరం లేదు. ఆ నంబరు తెరను పూర్తిగా తీసేసి, ఆవిడ పేరుతోనే నేరుగా లోపలి తెర తెరిచి చేతికిచ్చి ఉంటే, ఆ పూట మీకు పనికొచ్చే మాటలు పది వచ్చేవి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ‘‘నాది కాదుగా’’ అన్నారు ఆవిడ. నమూనాలో ఉన్న నంబరు ఆవిడది కాదు, పేరు ఆవిడది కాదు, పోసిన లీటర్లు కూడా ఆవిడవి అయి ఉండవు. డిజైన్ చదువుకున్న వాళ్లకు ‘‘ఇది ఉదాహరణ మాత్రమే’’ అనుకోవడం అలవాటు. పాల చీటీ అంటే డబ్బు అని తెలిసిన మనిషికి ఊరికే రాసిన అంకె అనేది ఉండదు. అది తనదైనా కావాలి, లేదా తప్పైనా కావాలి. నా అనుభవంలోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. ఒక పొదుపు సంఘం కోసం చేసిన నమూనాలో అందరి ఖాతాలోనూ ఒకే మొత్తం పెట్టాను. సమావేశంలో కూర్చున్న ఆడవాళ్లు బటన్ల గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. గంటసేపు ‘‘అందరికీ సమానంగా ఎలా వచ్చింది, ఎవరు మార్చారు?’’ అనే చర్చే సాగింది. ఆ రోజు ఏ ఖరీదైన టూలూ నన్ను కాపాడేది కాదు, ఇద్దరి పాసుపుస్తకాలు ముందు రోజు అడిగి తెచ్చుకుని ఉంటే సరిపోయేది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. మీరు ఒకే నమూనా అంటున్నారు, నాకు రెండు కనిపిస్తున్నాయి. డైరెక్టర్ల గదిలో ప్రొజెక్టరు మీద వేసేది ఒకటి. దాన్ని నడిపేది మీరు లేదా ఎండీ గారు. ఎక్కడ నొక్కాలో మీకు తెలుసు, ఎవరూ దారి తప్పరు. అక్కడ కావలసింది కదలిక, నునుపు, చూసేవారికి ‘‘ఇది అయ్యే పనే’’ అన్న నమ్మకం. రెండోది పిన్నిగారి చేతికి వెళ్లేది. దాన్ని నడిపేది మీరు ఎరగని వేలు. అది ఎక్కడ పడితే అక్కడ నొక్కుతుంది, వెనక్కి వెళ్లాలనుకుంటుంది, తడిసి ఉంటుంది. అక్కడ కావలసింది నునుపు కాదు, నిజమైన అంకెలు, ఎటు వెళ్లినా మూసుకుపోని దారులు. ఈ రెంటినీ ఒకే ఫైలుతో సాధించాలని చూడడం వల్లనే ఏ టూలు చూసినా ఏదో ఒకటి తక్కువైనట్టు మీకు అనిపిస్తోంది. ఎండీ గారు మొదటిదాన్ని దృష్టిలో పెట్టుకుని ప్రొటోపై అంటున్నారు. ప్రోగ్రామరు, ఎలాగూ చివరికి రాయవలసినది కదా అని ఫ్లట్టర్ అంటున్నాడు. అమెరికాలోని మీ బాబాయి కొడుకు తన ఆఫీసులో యాభై మంది డిజైనర్లు ఒకే ఫైలు మీద పనిచేసే పద్ధతి చూసి ఫిగ్మా అంటున్నారు. ఎవరి చోట నుంచి చూస్తే వారి మాట సబబే. మీ చోట నుంచి చూసినవారు మాత్రం ఎవరూ లేరు.

మీ చోట నుంచి చూస్తే మ్యాక్ మీద మాత్రమే నడిచే స్కెచ్, ఒరిగామి స్టూడియో, ప్రిన్సిపుల్ వాటంతటవే పక్కకు పోతాయి. వాటి కోసం మళ్లీ ఏదో ఒకటి తాకట్టు పెట్టవద్దు. మిగిలిన దారులు నాకు తోచినంతవరకు ఇవి.

మొదటిది, ఫిగ్మా ఒక్కదానితోనే రెండు పనులూ నెట్టుకురావడం. ఇది బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కు సరిపోతుంది, అయితే ఒకే ఫైలులో వంద తెరలు, బరువైన ఫోటోలు పోస్తే 8 జీబీ మూలుగుతుంది. ఒక్కో భాగానికి ఒక్కో ఫైలు పెట్టుకోండి. ఉచిత ప్లాన్‌లోనే తెరలు కలపవచ్చు, స్మార్ట్ యానిమేట్ వాడవచ్చు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫిగ్మా యాప్ ద్వారా నమూనా చూపవచ్చు. 2023 జూన్‌లో వేరియబుల్స్ (మారే విలువలు దాచుకునే సదుపాయం), ‘‘ఇలా అయితే ఇది చూపు’’ అనే షరతులు కూడా వచ్చాయి. నమూనాలో వాటిని నడపడానికి డబ్బు కట్టే ప్లాన్ కావాలి. ఈ ధరలూ పరిమితులూ తరచు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు వారి పేజీ మీరే చూసుకోండి. ఈ దారిలో మీకు కలిగే లాభం, మరోచోట ఉద్యోగం వెతుక్కున్నా ఈ నేర్పు పనికి రావడం. నష్టం, షరతులు పెరిగేకొద్దీ తెరల మధ్య తీగలు సాలెగూడు అయిపోవడం. మూడు వారాల తర్వాత ఏ తీగ ఎటు పోతోందో మీకే తెలియకపోవచ్చు. ప్రతి తెరకూ తెలుగులో పేరు పెట్టుకోండి, ‘‘ఫ్రేమ్ 214’’ అని వదిలెయ్యకండి.

రెండోది, గీయడం ఫిగ్మాలో, ప్రాణం పోయడం ప్రొటోపైలో. ఫిగ్మాలో గీసిన తెరలను ప్రొటోపైలోకి తెచ్చుకోవచ్చు, అది విండోస్ మీద కూడా నడుస్తుంది. నిజమైన టైపింగ్, లెక్కలు, ఫోను వంచడం వంటి సెన్సర్లు, మాట వినడం, మాట్లాడడం దాని బలాలు. కొడితే లీటర్లు మారి, దాని వెంట రూపాయలు మారే తెర కావాలంటే అది ఇక్కడ తేలిక. అయితే మీకు ఉన్నది ఆరు వారాలు. కొత్త టూలులో చేయి కుదురుకోవడానికే రెండు వారాలు పోతాయని లెక్క వేసుకోండి. పైగా ఫిగ్మాలో ఒక తెర మార్చినప్పుడల్లా అక్కడ కూడా సరిచూసుకోవాలి. మాట విని పని చేసే సదుపాయం చూసి ఎండీ గారు ముచ్చటపడి ఉంటే, కృష్ణా జిల్లా యాసలో ‘‘నిన్న సాయంత్రం ఎంత పోశాను’’ అని అడిగితే అది ఏమి వింటుందో ముందు మీ ఫోన్ మీదే పరీక్షించుకోండి. వీడియోలో ఇంగ్లీషుకు పనిచేసినదంతా ఇక్కడా పనిచేస్తుందని మాట ఇవ్వవద్దు. నా అభిప్రాయం అడిగితే, మొత్తం యాప్‌ను అందులో కట్టకండి. ‘‘ఈ పూట పాలు, ఈ పూట డబ్బు’’ అనే ఒక్క తెరను మాత్రమే అందులో చేసి, డైరెక్టర్లకు అదొక్కటి చూపండి. ఆయన కోరిక తీరుతుంది, మీ వారాలు మిగులుతాయి.

మూడోది, ప్రోగ్రామరు చెప్పినట్టు నేరుగా ఫ్లట్టర్. దీన్ని తీసిపారేయవద్దు. కోడ్ మార్చగానే తెర మీద మార్పు కనిపించే సదుపాయం దానిలో ఉంది, నిజమైన కీబోర్డు ఉంటుంది, నెట్ లేకపోతే ఏమవుతుందో కూడా చూడవచ్చు. పెన్సిల్‌తో గీస్తే సరిపోయేదానికి కాంక్రీటు పోయడమే ఇబ్బంది. పిన్నిగారు ‘‘ఇది పైన ఉండాలి’’ అన్నప్పుడు బొమ్మలో పది నిమిషాల్లో జరిపేస్తారు; కోడ్‌లోనైతే ‘‘ఇప్పుడెలా మార్చేది అక్కా, అంతా కట్టేశాను’’ అనే మాట వస్తుంది, అది అతని తప్పు కాదు, కష్టపడి రాసినవాడి సహజమైన బాధ. మరో ప్రమాదం, డైరెక్టర్లు ఫోన్‌లో నిజంగా నడిచేది చూస్తే యాప్ అయిపోయిందనుకుంటారు. ‘‘వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలుపెడదాం’’ అంటే జవాబు ఎవరు చెబుతారు? కాబట్టి అతనితో తగవు పెట్టుకోకుండా, మీ నమూనా తేల్చలేని పని అతనికి అప్పగించండి. నెట్ లేనప్పుడు చీటీ నిలిచి ఉంటుందా, తక్కువ ధర ఫోన్‌లో జాబితా తట్టుకుంటుందా అనేవి అలాంటివి. అవి మాత్రం ఫ్లట్టర్‌లోనే తేలాలి.

ఇవి కాక యాక్షూర్, పెన్‌పాట్ అనే టూళ్లు ఉన్నాయి. యాక్షూర్‌లో షరతులకూ జాబితాలకూ బలం ఎక్కువ, బ్యాంకుల వంటి పెద్ద వ్యవహారాలకు బాగుంటుంది, మీ ఆరు వారాలకు బరువు. పెన్‌పాట్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. మూతపడే కొట్టు అన్న మీ భయానికి అది నేరుగా ఇచ్చే జవాబు, ఎందుకంటే కావాలంటే మీ కంపెనీ సర్వర్ మీదే నడుపుకోవచ్చు. కానీ ఆరుగురున్న ఆఫీసులో ఆ సర్వర్‌ను ఎవరు చూసుకుంటారన్నది మీరే చెప్పాలి. వాక్యం రాసి ఇస్తే నమూనా తయారు చేసే ఏఐ సాధనాలు ఫిగ్మాతో సహా చాలా చోట్ల వచ్చాయి. డైరెక్టర్ల గది కోసం ఒకటి రెండు తెరలు తొందరగా చేసుకోవడానికి వాడుకోండి, అవి రాసే తెలుగును మాత్రం ప్రూఫ్ దిద్దినట్టు దిద్దండి.

ఒక దారిని మాత్రం మీ ఉత్తరంలో ఎవరూ ప్రస్తావించలేదు, అది కాగితం. పామ్ పైలట్ అనే జేబు కంప్యూటరు తయారు కాకముందు దాని సృష్టికర్త జెఫ్ హాకిన్స్ చొక్కా జేబులో పట్టేంత చెక్కముక్క పెట్టుకుని తిరుగుతూ, అవసరం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి దాని మీద రాసినట్టు నటించేవాడట. ఆ చెక్కముక్కకు ప్రాసెసరు లేదు, కానీ ఆ సైజు జేబుకు కుదురుతుందా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పింది. మీరు పదకొండేళ్లు కాగితంతో బతికిన మనిషి. పాల చీటీ సైజులో ఆరు తెరలు ప్రింటు తీసి, పిన్నిగారి ముందు పరిచి, ‘‘నిన్నటి డబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు పిన్నీ’’ అని అడగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. మొదటి వారంలో ఈ పని చేస్తే సగం తెరలు గీయకముందే పోతాయి.

మీకు ప్రత్యేకంగా చెప్పవలసినది తెలుగు అక్షరాల గురించి. అను ఫాంట్లలో చేసిన మీ పాత ఫైళ్ల నుంచి అక్షరాలు ఎత్తి ఫిగ్మాలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, అవి యూనికోడ్ కాదు కాబట్టి. అన్నీ కొత్తగా టైప్ చేయాలి. నోటో శాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, మండలి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందే ఒకదాన్ని ఖాయం చేసి, ప్రోగ్రామరు కూడా అదే వాడేలా చూడండి, లేకపోతే మీ బొమ్మలో ఒక వరసలో పట్టిన మాట అతని తెర మీద రెండు వరసలవుతుంది. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ హైట్ తెలుగుకు చాలదు. ‘‘చెల్లింపు’’ అని రాసి చూడండి, ‘‘ల్లి’’ కింద వత్తు కింది వరస గుడులకు తగులుతుంది. 16 సైజు అక్షరానికి ఇంగ్లీషులో 24 సరిపోయే చోట నేను 28 దాకా పెడతాను. బటన్ మీద ‘‘పే’’ అని ఒక్క అక్షరంతో గీసి, తర్వాత ‘‘డబ్బు వివరాలు’’ అని మార్చే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి. మొదటి రోజు నుంచే అసలు తెలుగు మాటలతో గీయండి. వేలితో నొక్కే ప్రతి చోటూ కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలత) ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. పాలు పితికిన చేతులకు అంతకంటే ఎక్కువే ఇవ్వండి. ఇవేవీ టూలు చూసుకోదు. ఈ విషయంలో మీ ఆఫీసులో మీకంటే తెలిసినవారు లేరు, ఆ సంగతి మీరే మరచిపోయినట్టున్నారు.

మరి ఎండీ గారితో ఎలా? ఆయన టూలు పేరు చెప్పినప్పుడు మీరు మరో టూలు పేరు చెబితే అది పంతమవుతుంది. దానికి బదులు ఒక కాగితం మీద రెండు వరసలు రాసి ఆయన ముందు పెట్టండి: డైరెక్టర్లు ఈ నమూనా చూసి ఏమి ఒప్పుకోవాలి, రైతులు ఇది వాడినప్పుడు మనకు ఏమి తెలియాలి. ఆ రెండు ఖాళీలూ ఆయన చేతనే నింపించండి. ‘‘మొదటిదానికి ఒక తెర ప్రొటోపైలో చేస్తాను సార్, రెండోదానికి ఫిగ్మాలో మూడు వారాల్లో ఇస్తాను, నెట్ సంగతి తమ్ముడు చూస్తాడు’’ అని మీరు అన్నప్పుడు ఆయన కాదంటే, ఆ కాదనడానికి కారణం ఆయనే చెప్పవలసి వస్తుంది. ఆయన పట్టుబట్టి అంతా ప్రొటోపైలోనే కావాలంటే, అప్పుడు వారాలు ఎనిమిదవుతాయని రాతపూర్వకంగా చెప్పి అలాగే చేయండి. ఉద్యోగం ఆయనిది, గడువు కూడా ఆయనిదే. లైసెన్సు మాత్రం కంపెనీ పేరు మీదే తీసుకోవాలి, మీ జేబులోంచి రూపాయి పెట్టవద్దు.

మీ భర్త అడిగిన ప్రశ్నను మీరు విమర్శగా రాశారు. గాజులు ఇంకా విడిపించలేదేమో, ఆ మాటలో ఆ బరువు కూడా ఉండి ఉంటుంది. ఈసారి నెలవారీ ఎంత, ఎవరు కడుతున్నారు, ఎన్నాళ్లు అన్న మూడు విషయాలు చెబితే ఆ సంభాషణ మరోలా సాగవచ్చు.

మూతపడే కొట్టు గురించి ఒక జాగ్రత్త చెబుతాను. ప్రతి శనివారం ముఖ్యమైన తెరలను ఎస్‌వీజీగా, పీడీఎఫ్‌గా దించుకుని కంపెనీ డ్రైవ్‌లో పెట్టండి. రంగుల కోడ్లు, సైజులు, మాటల జాబితా ఒక మామూలు పట్టికలో రాసి ఉంచండి. మీ ఎక్స్‌డీ ఫైళ్లను కూడా అవి తెరుచుకుంటున్నప్పుడే ఎస్‌వీజీగా మార్చుకోండి, వాటిని ఫిగ్మాలోకి తెచ్చుకోవచ్చు. తీగలు పోతాయి గానీ బొమ్మలు మిగులుతాయి.

పల్లెకు వెళ్లేటప్పుడు ఎక్కువ మంది అక్కర్లేదు. ఒక రకం మనుషుల్లో 5 మందిని చూస్తే లోపాల్లో అధికభాగం బయటపడుతుందని, జనం సాఫ్ట్‌వేర్ వాడే తీరును పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. మీకు మాత్రం రకాలు మూడు ఉన్నాయి: గేదెను పితికి పాలు పోసే ఆడవాళ్లు, బిల్లు తీసుకునే మగవాళ్లు, చీటీ రాసే కేంద్రం సెక్రటరీ. మీ ఫోన్‌తో కాక వాళ్లింట్లో ఉన్న ఫోన్ మీదే చూపించండి. చాలామంది అక్షరాల సైజు పెద్దది చేసుకుని ఉంటారు. ఫిగ్మా బొమ్మ దానికి లోబడదు, కానీ ఏ సైజు పెట్టుకున్నారో చూస్తే మీరు ఎంతకు గీయాలో తెలుస్తుంది. నమూనాను ఆఫీసు వైఫైలో ముందే తెరిచి ఉంచుకోండి, సిగ్నల్ అందకపోతే చూపడానికి కాగితం తెరలు సంచిలో పెట్టుకోండి. రైతుల అసలు అంకెలు వాడినప్పుడు వాళ్లను అడిగి వాడండి, నమూనా లింకు అందరికీ తెరుచుకునేలా వదలవద్దు, పని అయ్యాక ఆ పేర్లు తీసెయ్యండి.

పిన్నిగారికి ముందు రోజు ఫోను చేసి, గడచిన పది రోజుల చీటీలు పారేయకుండా ఉంచమని చెప్పండి. ఆ ఇరవై చీటీల్లోని లీటర్లూ వెన్న శాతాలూ ఆ రాత్రి ఫిగ్మాలో నింపుకుని, నంబరు గడి తీసేసి, ఆవిడ పేరుతో తెరిచి చేతికివ్వండి. ఏ అంకె దగ్గర ఆవిడ వేలు ఆగుతుందో రాసుకోండి, మీరు మాత్రం మధ్యలో మాట్లాడకండి.